కంచుఢక్కయు, కాలిపెండేరమును

విజయనగర సింహాసనమును 1424 మొదలు 1446 వఱకు అధిష్ఠించిన రెండవ దేవరాయల యాస్థానమున గౌడడిండిమభట్టను మహాపండితుడు సభకు వేంచేయునపుడు, ఆతని ముందు కంచుఢక్క మ్రోగుచుండెడిదట. ఆతడు నోరు విప్పకమున్నే, వచ్చుచున్నవాడు సామాన్యుడు కాడనియు, ఎదిరింప దలచినవాడు తన విద్యను ఒకమాఱు సరిచూచుకొని మఱి లేవవలెననియు ఆ నాదము సభాసదులకు చాటెడిది. తెలుగునాటినుండి పోయిన శ్రీనాథుడు ఆతనితో వాదించి గెలిచి, ఆ ఢక్కను పగులగొట్టించెనని చాటుపద్యము చెప్పుచున్నది. ఓడినవానిని ఊరు వెడలగొట్టినట్లు గాని, ఆతని సొమ్ము లాగికొన్నట్లు గాని అందు లేదు. పగిలినది వాద్య మొక్కటే. ఐనను, ఆ కాలపు విద్వాంసునకు అంతకు మించిన పరాభవము మఱియొకటి యుండబోదని ఆ పద్యము చదివినవారి కెల్లరకును తెలియును.

మనము పూర్వుల వాగ్వైభవమును ప్రశంసించునపుడు సరస్వతీకటాక్షమును, పూర్వజన్మసంస్కారమును తలచి ఊరకుందుము గాని, ఆ వాక్కు సభలో నిలద్రొక్కుకొనుటకు ఎంత లోహము, ఎంత దారువు, ఎంత వస్త్రము తోడుపడినదో విచారింపము. విచారించినచో, వానిలో పెక్కింటికి భూషణత్వముకంటె పణత్వమే ప్రధానమని తోచును. జూదమున ఒడ్డిన సొమ్మువలె, ధరించినవాడు ఓడిపోవుటకు సైతము సిద్ధపడియే వానిని ధరించెడివాడు. అట్లు సిద్ధపడుటయే వానికి విలువను తెచ్చెడిది.

శ్రీనాథుని చాటువులు ఈ విషయమున మనకు దొరకిన నిక్షేపములు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఊరూర వెదకి ఇట్టి పద్యములను కూర్పకుండిన పక్షమున, అవి ఎన్నడో నోళ్లనుండి జాఱిపోయి యుండును. వీనిలో కొన్ని ఆ కవివే యగునా యని సంశయించు విమర్శకులు లేకపోలేదు. కాని మనకు కావలసినది కర్తృత్వనిర్ణయముకంటె, విద్వత్సభలు ఏ వస్తువులను ఎట్లు చూచినవో ఆ చూపు. రాచకొండ నేలిన రేచర్ల వెలమప్రభువు సింగభూపాలుని కొలువునకు పోబోవుచు కవి శారదాంబతో మొఱపెట్టుకొన్న పద్యమొకటి కలదు. క్రొత్త కొలువున మెప్పు పొందుట యెట్లాయని దిగులుపడుచు, తాను ఇదివఱకు గడించినవానిని అతడు వరుసగా ఏకరువు పెట్టును: దక్షిణాధీశుని ముత్యాలశాలలో దీనారటంకములతో చేయించుకొన్న స్నానము, ఆంధ్రీకరించిన నైషధము, పగులగొట్టించిన ఢక్క, చంద్రశేఖర క్రియాశక్తియొద్ద నెలకొల్పుకొన్న సార్వభౌమ బిరుదము. ఇందు రెండవది కావ్యము, కడపటిది మాట. తక్కినవి రెండును చేతితో తాకదగిన వస్తువులకు సంబంధించినవి. ఆ దీనారస్నానమే కనకాభిషేకము; అనగా విద్వాంసుని పీఠమున కూర్చుండబెట్టి తలమీదుగా బంగారునాణెములు క్రుమ్మరించుట. ఆ నాణెములు పిదప వ్యయమై పోవును. కాని అవి శిరస్సునుండి జాఱి నేలపై మ్రోగుట చూచినవారి కనులలో ఆ శిరస్సు మఱి సామాన్యశిరస్సు కాదు.

అయితే అట్టి సభలోనికి అడుగుపెట్టుటయే సులభసాధ్యము కాదు. కన్నడరాజ్యలక్ష్మిని తల్లీ యని సంబోధించి, దయలేదా యని ఆ కవి వేసటపడిన పద్యము తెలుగువారిలో చాలమందికి తెలిసినదే. తలకు కుల్లాయి పెట్టితిని, కోక చుట్టితిని, పెద్ద కూర్పాసము తొడిగితిని అని అతడు చెప్పుకొనును. కుల్లాయి యనగా నిక్కిన పొడుగుపాటి టోపి. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది చిత్రములలో పురుషుల తలలపైనను, తిరుమలలో ఇరువురు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలిచిన కృష్ణరాయల లోహవిగ్రహము తలపైనను దానిని నేటికిని చూడవచ్చును. తీరాంధ్రమున రెడ్డిరాజుల నీడలో సుఖముగా మెలగిన కవికి ఆ టోపియు, ఒంటిని బిగియపట్టు ఆ నిలువుటంగియు ఎంత యుక్క కలిగించెనో! దాని వెంటనే వెల్లుల్లిని, నువ్వులపిండిని తిన్న కష్టమును, చల్ల పోసిన అంబలిని త్రాగిన బాధను గూడ అతడు వెళ్లబోసికొనును. రుచి తెలిసిన మనుష్యుడు గనుక, నాకు ఆ పద్యమున టోపికంటె అంబలియే ఎక్కువ బాధించినట్లు కనబడును. ఏమైనను, వాదమునకు ముందు వేషము. ఆ కొలువు వేషము తాల్పనివానికి ఆ కొలువున నోరు లేదు.

ఇక ఆ శరీరమే మఱియొక తీరున అలంకృతమైన కథ వినదగినది. రెడ్డిరాజ్యము అస్తమించిన పిమ్మట, వార్ధక్యమున శ్రీనాథుడు కృష్ణాతీరపు బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని నష్టపడెనట. పంటలో కొంత కృష్ణవేణి వఱదకు పోయినది. నువ్వులను, పెసలను పక్షులు తినిపోయినవి. చెల్లింపవలసినది ఏడునూఱు టంకములు. చెల్లింపలేని కవికి విధించిన దండనమును వర్ణించు సీసమున ఒక్కొక్క పాదము ఒక్కొక్క అవయవమును, ఒక్కొక్క బిరుదమును జతపఱచి నడచును. కవిరాజు కంఠమునకు ఎఱ్ఱనియెండలో వీథిని పొగడదండ. సార్వభౌముని మూపున నగరివాకిట నుండు నల్లగుండు. నైషధకర్త పాదములకు నిగళములు. వీరభద్రారెడ్డి విద్వాంసుని ముంజేతికి వెదురుగొడియ. సన్మానమునందు దండ ఎక్కడ పడునో శిక్షయందును అక్కడనే పడినది. సభలో ఏ పాదములకు పెండేరము శోభించునో ఆ పాదములకే సంకెల తగిలినది. అధికారులు ఇట్లు పోల్చి శిక్షించిరని నేననను. బాకీదారుల కెల్లరకును ఆ శిక్షయే కాబోలును. పోల్చినది కవి. వస్తువులు శరీరమున వ్రాసెడి మర్యాదాలిపిని అంత చక్కగా చదివిన పద్యము మన భాషలో మఱియొకటి నాకు తట్టదు.

పెండేరమునుగూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. గండపెండేరము మొదట వీరుల యాభరణము. యుద్ధమున పేరు గడించినవాడు కాలికి దానిని ధరించి, తనతో తలపడగలవాడు లేడని చాటుకొనెడివాడు. అది ఎప్పుడు ఖడ్గమును విడిచి లేఖిని వెంట నడచెనో తిథివారములతో చెప్పరాదు గాని, కృష్ణరాయలనాటికి (1509–1529) పండితుల పాదములను చేరినట్లు సంప్రదాయము పలుకుచున్నది. రాయలు బంగరుపళ్లెరమున పెండేరమును తెప్పించి సభ నడుమ నుంచి, సంస్కృతాంధ్రములు రెంటను సమానముగా కవిత్వము చెప్పగలవాడు దీనిని తొడుగుకొనవచ్చునని ప్రకటించెనట. మహామహులున్న కొలువు నిశ్శబ్దమయ్యెను. కోరువారే లేరాయని రాజు పద్యముననే యడుగగా, ఆ పద్యమును అల్లసాని పెద్దన అందుకొని ముగించి, నావంటివాడు లేడని మీరెఱుగరా యని నిలిచి, వెంటనే ఉత్పలమాలికను ఆశువుగా పరచెనట. ఇందు గమనింపదగినది ఆ నిశ్శబ్దము. తొడుగుకొన్న మఱుక్షణమున ఎవడైనను లేచి పరీక్షింపవచ్చుననియు, తప్పినచో నిండుసభలో కాలినుండి ఊడదీసి ఇయ్యవలసి వచ్చుననియు ఎఱిగినవారు గనుకనే తక్కినవారు కదలలేదు. రాయలు పరలోకగతుడైన పిమ్మట పెద్దన చెప్పినదని ప్రసిద్ధమైన విలాపపద్యమున, ఎదురైనచో ఏనుగును నిలిపి చేయూత నిచ్చుట, పల్లకిని తన చేత నెత్తుట, అగ్రహారములిచ్చుట, పెండేరమును తానే పాదమున తొడుగుట ఒక్క వరుసలోనివి. రాజు చేయి కవి కాలిని తాకినదన్నది అందలి సారము.

దేవాలయ మండపములలో పురాణము చెప్పువాని మర్యాద దీనికి కేవలము భిన్నమైనది. ఆతని ముందుండు వ్యాసపీఠము ఆతని సొంత బిరుదము కాదు. ఒక్క పలకను మందమున రెండుగా చీల్చి, నడిమి కీలును ఆ పలకయందే తొలిచి, మేకు గాని జిగురు గాని లేకుండ కత్తెరవలె తెఱచుకొనునట్లు వడ్రంగులు దానిని చేయుదురు. మసీదులలో ఖురాను నుంచు రెహలు పనితనమును ఇదియే. గ్రంథము దానిపై నున్నంత సేపు ఊరి పెద్దరెడ్డియు, కరణమును క్రింద కూర్చుండి వినెడివారు. గ్రంథము కట్టిన పిమ్మట అదే పౌరాణికుడు అదే కరణముముందు నిలిచి తన మాన్యపు సంగతి విన్నవించుకొనెడివాడు. అక్కడ పణము లేదు, పందెము లేదు.

హరికథకుడు లేచి నిలిచినవాడు. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) విజయనగరమున ఆ కళకు తెచ్చిన ప్రతిష్ఠ లోకవిదితము. పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేత చిఱుతలు: చూచుటకు భక్తుని వేషమే. కాని చిఱుతలు చేతనుండి యూరకుండునవి కావు. కథ నడచునంత సేపు అవి తాళమును వెల్లడించుచునే యుండును గనుక, లయ ఒక్క అక్షరము తప్పినను ముందువరుసలోని మార్దంగికుడు మొదలు వెనుక నిలిచిన కుఱ్ఱవాని వఱకు అందఱకును వినబడును. కాళ్లను, చేతులను, శిరస్సును వేర్వేఱు తాళములందు నడిపిన దాసుగారికి ఆ చిఱుతలు ప్రతిష్ఠయే. తక్కినవారిలో పెక్కండ్రకు అవి సాక్షులు.

అవధానియొక్క అధికారమో, చేతిలో ఏమియు లేకుండుటయందే యున్నది. పృచ్ఛకులకు కాగితములు, కలములు; ఘంటలు కొట్టువానికి ఘంట; పూలు విసరువానికి పూలు. నడుమ కూర్చున్నవాడు మాత్రము రిక్తహస్తుడు. ఒక్క చీటిని చేతబట్టెనా, ఆతని కీర్తి అంతయు అక్కడనే తీఱిపోవును. అట్టి రిక్తహస్తులలో అగ్రగణ్యులైన తిరుపతి వేంకటకవులు సైతము పణమును విడువలేదు. పండితులకు మీసము దోషమని ఆక్షేపించినవారికి వారిచ్చిన సమాధానము తెలుగుదేశమంతట మ్రోగినది: దోషమని యెఱిగియే పెంచితిమి, ఉభయభాషలందును కవీంద్రులమని తెలుపుటకే పెంచితిమి, గెలువగలవారు రండు, ఓడితిమా వీనిని తీసివేసి మ్రొక్కుదుము. డిండిమభట్టు ఢక్క కంచుది. వీరిది పైయధరమున మొలచినది. రెండింటి ధర్మము ఒక్కటే.

1921లో బెజవాడలో కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము కోటి సభ్యులు, తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, ఇరువది లక్షల రాట్నములు అని నిర్ణయించిన పిమ్మట వేదికల రూపము మాఱిపోయెను. జరీయంచు ఉత్తరీయములు పెట్టెలలోనికి పోయి, ముతక ఖద్దరు వక్తకు అర్హతాపత్రమైనది. ఆ సంవత్సరముననే మదురైలో గాంధీజీ అంగీని, టోపిని విడిచి కొల్లాయి కట్టెను; కుల్లాయి పెట్టి సభకు పోయిన శ్రీనాథుని కాలమునకు ఇది ఎదురుతట్టు. ఖద్దరునందును కొంతకాలము పణమున్నది, ఏలనగా అది తొడిగినవాడు చెఱసాలకు పోవలసి వచ్చెడిది. ధ్వనివర్ధకము వచ్చినది, దానితో గొంతుబలము అక్కఱ తీఱినది. 1942 సంక్రాంతికి గుడివాడవారు విశ్వనాథ సత్యనారాయణగారిని ఏనుగుపై నూరేగించి పాతమర్యాదను ఒకమాఱు జ్ఞప్తికి తెచ్చిరి.

నేటి సభలలో శాలువ కప్పుదురు. అధ్యక్షునకు, వక్తకు, దాతకు, స్థలమిచ్చినవానికి, వందనసమర్పణ చేయువానికి సైతము కప్పుదురు. తఱచుగా ఉపన్యాసమునకు ముందే కప్పుదురు. కప్పించుకొన్నవాడు ఛాయాచిత్రము తీయువఱకు ఓర్చుకొని, దానిని మడిచి కుర్చీవీపున వేసి, మాటలాడుటకు లేచును. ప్రసంగము బాగుండకపోయినచో దానిని తిరిగి యడుగువారు లేరు. ఇంటికి చేరిన శాలువలలో మంచివి పెట్టెలో మిగులును. తక్కినవి, మఱియొక సభకు సన్మానసంఘమువారు ఒకటి కావలెనన్నపుడు, మడతయైనను విప్పకుండ బయలుదేఱును.