పాత రివాల్వర్ల సేకరణ

ముఖ్యంగా 19వ శతాబ్దంలో తయారైన, తిరిగే సిలిండర్ ఉన్న చేతి తుపాకులను వెతికి కొని, వాటి పుట్టుపూర్వోత్తరాలు రుజువు చేసి భద్రపరిచే అభిరుచి ఇది. అమెరికాలో బాగా వేళ్లూనుకుంది. బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియంలలోనూ దీనికి పాత సంప్రదాయం ఉంది. నాణేలలో లాగే ఇక్కడా అరుదైనదానికి, చెక్కుచెదరనిదానికి ధర ఎక్కువ. అయితే నాణేనికి లేని సౌకర్యం ఒకటి రివాల్వర్‌కు ఉంది. తయారీదారు కొట్టిన వరుస నంబరు చాలావాటి ఒంటిమీదే ఉంటుంది. సేకర్త చేసే పనిలో సగానికి పైగా ఆ నంబరు చుట్టూనే తిరుగుతుంది.

తొలి రివాల్వర్లు

తిరిగే గదుల తుపాకీ ఊహ శామ్యూల్ కోల్ట్‌తో మొదలు కాలేదు. అమెరికా నుంచి లండన్ చేరిన ఎలిషా కోలియర్ 1818లోనే చెకుముకి రాయితో పేలే రివాల్వర్‌కు పేటెంటు పొందాడు. అది ఖరీదైన చేతిపని కావడంతో పెద్దగా వ్యాపించలేదు. సుత్తి దెబ్బకు మందును అంటించే పెర్కషన్ క్యాప్ అనే చిన్న రాగి టోపీ వాడుకలోకి వచ్చాకే రివాల్వర్ నమ్మదగ్గ ఆయుధమైంది. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టిన కోల్ట్ (1814–1862) 1835లో బ్రిటన్‌లో, 1836 ఫిబ్రవరి 25న అమెరికాలో పేటెంట్లు తీసుకున్నాడు. సుత్తిని వెనక్కి లాగితే సిలిండర్ ఒక గది మేర తిరిగి, గొట్టానికి సూటిగా నిలిచి, అక్కడే బిగుసుకుంటుంది. ఆయన యంత్రంలో కీలకం ఇదే. న్యూజెర్సీలోని పాటర్సన్‌లో పెట్టిన కంపెనీ మాత్రం 1842లో మూతపడింది.

కోల్ట్‌ను మళ్లీ నిలబెట్టింది అమెరికా–మెక్సికో యుద్ధం. టెక్సాస్ రేంజర్ల దళంలో పేరు తెచ్చుకున్న కెప్టెన్ శామ్యూల్ వాకర్ సూచనలతో 1847లో సుమారు 2 కిలోల బరువు, 9 అంగుళాల గొట్టం ఉన్న భారీ రివాల్వర్ తయారైంది. అప్పటికి కోల్ట్‌కు ఫ్యాక్టరీ లేదు. ఎలీ విట్నీ జూనియర్ కర్మాగారంలో పని చేయించాడు. సైన్యానికి 1,000, బహుమతులకూ అమ్మకానికీ మరో 100 తయారయ్యాయి. సైన్యం వాటి మీద నంబర్లు 1 నుంచి 1,000 దాకా వరుసగా లేవు. ఎ, బి, సి, డి, ఇ అనే దళాల పేర్లతో విడివిడిగా కొట్టారు. యుద్ధంలో కొన్ని పేలి పగిలాయి, మరెన్నో పోయాయి. మిగిలిన 'వాకర్' అందుకే సేకర్తల కలల తుపాకీ అయింది. దానికి నకిలీలు పుట్టుకొచ్చిందీ అందుకే.

అసలు విడిభాగాల మీద నంబర్లెందుకు కొట్టారు? భవిష్యత్తులో ఎవరో భూతద్దం పట్టుకుని చూస్తారని కాదు. యంత్రాల మీద భాగాలు తయారైనా, చివర్లో ఆకురాయి పట్టి ఒకదానికొకటి అతికేలా చేసేది చేతిపనివాడే. ఆ తరువాత చట్రాన్ని గట్టిపరచడానికి, గొట్టానికి నీలిపూత పెట్టడానికి వేటికవి విడదీసి పంపాలి. తిరిగొచ్చాక ఏ ముక్క ఏ తుపాకీదో తెలియడానికే ఆ నంబరు. కార్ఖానాలో కూలివాళ్ల సౌకర్యం కోసం పెట్టిన ఆ గుర్తే ఈనాడు వేలంలో ధరను నిర్ణయిస్తోంది. భాగాలన్నిటి మీదా ఒకే నంబరుంటే ఒక ధర, సిలిండర్ ఒక్కటి మారినా మరో ధర.

1851 లండన్ మహా ప్రదర్శనలో కోల్ట్ తన రివాల్వర్లను వరుసలుగా పేర్చి చూపించాడు. రెండేళ్లకు పిమ్లికోలో ఫ్యాక్టరీ తెరిచాడు గాని అది ఎక్కువ కాలం నిలవలేదు. బ్రిటిష్ పోటీదారు రాబర్ట్ ఆడమ్స్ రివాల్వర్‌లో సుత్తిని విడిగా లాగనక్కర్లేదు, ట్రిగ్గర్ నొక్కితే చాలు. దగ్గర పోరాటంలో ఆ వేగం పనికొచ్చింది. సొంత డబ్బుతో ఆయుధం కొనుక్కోవలసిన బ్రిటిష్ అధికారుల్లో చాలామంది అటు మొగ్గారు.

అమెరికాలో మందు, గుండు ఒకటిగా ఉండే తూటాల కాలం తెచ్చిన ఘనత స్మిత్ అండ్ వెసన్ కంపెనీది. సిలిండర్ గదులను వెనుక నుంచి ముందుకు ఆరపార తొలిచే పద్ధతికి రోలిన్ వైట్ 1855లో పేటెంటు పొందాడు. ఆ హక్కు తీసుకుని వాళ్లు 1857లో మోడల్ 1 తెచ్చారు. రివాల్వర్‌కు పావు డాలరు చొప్పున వైట్‌కు ముట్టింది. కాని పేటెంటును కాపాడే కోర్టు ఖర్చులన్నీ అతనివే అన్నది షరతు. వచ్చింది వచ్చినట్టే వకీళ్లకు పోయింది. పేటెంటు గడువు 1869లో తీరింది. అతనికి ఊరట కల్పించే బిల్లును అధ్యక్షుడు గ్రాంట్ తిరస్కరించాడు. గడువు తీరాక కోల్ట్ కంపెనీ పాత పెర్కషన్ రివాల్వర్లను తూటాలకు అనువుగా మార్చింది. 1873లో దాని 'సింగిల్ యాక్షన్ ఆర్మీ' రివాల్వర్ వచ్చింది. 1940 దాకా ఇవి 3,50,000కు పైగా తయారయ్యాయి.

సేకరణ ఎలా పెరిగింది

ఈ అభిరుచికి మొదటి బీజం వేసింది కోల్టే అనవచ్చు. బంగారం పొదిగిన రివాల్వర్లను రాజులకు, సేనాపతులకు కానుకగా పంచేవాడు. 1854లో రష్యా చక్రవర్తి మొదటి నికోలస్‌కు అలాగే ఇచ్చాడు. వ్యాపారం కోసం ఇచ్చిన ఆ కానుకలే తరువాత మ్యూజియం వస్తువులయ్యాయి. ఆయన స్వయంగా కూడబెట్టిన తుపాకులను భార్య ఎలిజబెత్ వీలునామా ద్వారా 1905లో హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియమ్‌కు ఇచ్చింది. కంపెనీ సొంత సంగ్రహం 1957లో కనెక్టికట్ స్టేట్ లైబ్రరీకి చేరింది.

సామాన్యుడి చేతికి పాత రివాల్వర్ వచ్చిన దారి వేరు. న్యూయార్క్ వర్తకుడు ఫ్రాన్సిస్ బేనర్మన్ సైన్యాలు వదిలించుకున్న సామగ్రిని టోకున కొని, లావుపాటి కేటలాగు అచ్చువేసి పోస్టులో అమ్మేవాడు. సరుకు పెరిగి పెరిగి, దాచడానికి హడ్సన్ నదిలో ఏకంగా ఒక దీవినే 1900లో కొన్నాడు. ఆ కేటలాగులు చూస్తూ ఎందరో అమెరికన్ కుర్రాళ్లు సేకర్తలయ్యారు. అబద్ధాలూ అప్పుడే మొదలయ్యాయి. పశ్చిమ సీమల పోలీసు అధికారిగా ఉండి చివరి దశలో న్యూయార్క్ పాత్రికేయుడైన బ్యాట్ మాస్టర్‌సన్ గురించి ఒక కథ చెబుతారు. తన తుపాకీ కావాలని వేధించే వాళ్లకోసం తాకట్టు కొట్లో పాత కోల్ట్ కొని, చంపినవాళ్ల లెక్క అన్నట్టు పిడి మీద గాట్లు పెట్టి అంటగట్టేవాడట. కథ నిజమైనా కాకపోయినా అందులోని హెచ్చరిక మాత్రం నిజం.

20వ శతాబ్దం నడుమ సంఘాలు, ప్రదర్శనలు, పుస్తకాలు పెరిగి అభిరుచి శాస్త్రంగా మారింది. 1977లో వెలువడిన నార్మ్ ఫ్లేడర్‌మన్ మార్గదర్శి అమెరికా పాత తుపాకుల రకాలను, స్థితిని, ధరను ఒకే చోట చేర్చింది. సేకర్తలు ఇప్పటికీ ఆ పేరుతోనే మాట్లాడుకుంటారు.

అసలు, నకిలీ

కొత్తగా చేరినవాళ్లు చేసే పెద్ద పొరపాటు తుడిచి మెరిపించడం. అసలు నీలిపూత పది శాతమే మిగిలినా అది విలువే. గోధుమ ఛాయ తిరిగిన ఇనుము మీద కొత్త పూత వేస్తే ఆ తుపాకీ చరిత్రను చెరిపేసినట్టే. దాంతో ధర సగానికి పడిపోవచ్చు.

నంబర్లు కలవకపోవడం ఎప్పుడూ లోపమే అనుకోవడం కూడా పొరపాటే. 1890లలో అమెరికా సైన్యం అశ్వదళపు 7½ అంగుళాల సింగిల్ యాక్షన్‌లను తిరిగి పిలిపించి, గొట్టాలు 5½ అంగుళాలకు కోయించింది. ఆ పనిలో భాగాలు కలగాపులగమయ్యాయి. 'ఆర్టిలరీ మోడల్' అని పిలిచే వీటిలో నంబర్లు కలవకపోవడమే సహజం. అన్నీ కలిస్తేనే అనుమానించాలి. అలా కోతకు గురికాకుండా తప్పించుకున్న తొలి అశ్వదళ రివాల్వర్లంటే మరీ మోజు. 1876లో లిటిల్ బిగ్ హార్న్ యుద్ధంలో అమెరికా సైనికాధికారి కస్టర్ దళం చేతుల్లో ఉన్నవి ఆ రకానివే. తనిఖీదారు ఆర్విల్ ఐన్స్‌వర్త్ పొడి అక్షరాల ముద్ర కోసం కొనేవాళ్లు తహతహలాడతారు, ఆ ముద్రనే దొంగగా కొట్టేవాళ్లూ ఉంటారు.

1950ల చివర ఇటలీలోని గార్డోనే వాల్ ట్రోంపియాలో పాత కోల్ట్‌ల ప్రతిరూపాలు తయారవసాగాయి. అమెరికా అంతర్యుద్ధ శతజయంతి ఉత్సవాలకు అవి చేతికందాయి. ఆల్డో ఉబెర్టీ కంపెనీ 1959లో మొదలైంది. తయారీదారులు ఎవరినీ మోసగించలేదు, తమ పరీక్షా ముద్రలు స్పష్టంగానే వేశారు. ఆ ముద్రలు అరగదీసి, ఆమ్లంతో ముసలితనం తెచ్చి అమ్మినవాళ్లు వేరే.

వేలం వెలలు

తుపాకీ కన్నా దాని వెనకున్న కథకు ధర పలుకుతుందనడానికి ఇటీవలి వేలాలే సాక్ష్యం. కవి పాల్ వెర్లెన్ 1873 జులై 10న బ్రస్సెల్స్‌లో తోటి కవి రేంబో మీద కాల్చిన మామూలు లెఫోషో రకం రివాల్వర్ 2016లో పారిస్‌లో 4,34,500 యూరోలు తెచ్చింది. దాన్ని అమ్మిన దుకాణం లెక్కల పుస్తకంలోని నంబరుతో అది సరిపోయింది. చిత్రకారుడు వాన్ గో ఆత్మహత్యకు వాడాడని నమ్మే తుప్పుపట్టిన మరో లెఫోషో పొలంలో దొరికింది. 2019లో అది 1,62,500 యూరోలే పలికింది. రుజువు పలుచనైతే ధర ఎలా తగ్గుతుందో ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. షెరిఫ్ పాట్ గారెట్ 1881లో నేరస్థుడు బిల్లీ ద కిడ్‌ను కాల్చిన కోల్ట్ 2021లో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆనాటికి ఏ తుపాకీకీ అంత ధర రాలేదు.

చట్టం, మన దేశం

అమెరికాలో 1968 తుపాకుల చట్టం 1898 చివరి దాకా తయారైనవాటిని పురావస్తువులుగా లెక్కిస్తుంది. ఇక్కడా నంబరే దిక్కు. సింగిల్ యాక్షన్‌లో సుమారు 1,82,000 దాటితే అది 'పాతది' కాదు. ఒక్క నెల తేడాతో తయారైన రెండింటికి రెండు చట్టాలు. బ్రిటన్‌లో తూటాలు ఇప్పుడు దొరకని పాత రకాలకు మినహాయింపు ఉంది.

భారతదేశానికి ఈ రివాల్వర్లు ఎక్కువగా బ్రిటిష్ అధికారుల నడుములకు వేలాడుతూ వచ్చాయి. కలకత్తాలోని మాంటన్ అండ్ కో పేరు గొట్టం మీద ఉన్న బర్మింగ్‌హామ్ రివాల్వర్లు అమ్మకందారు పేరు వల్లే ఇప్పుడు ప్రత్యేకం. మద్రాసులో గడియారాల దుకాణంగా ప్రసిద్ధమైన పి. ఓర్ అండ్ సన్స్ కూడా తుపాకులు అమ్మింది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాలకు ప్రత్యేక విభాగం ఉంది.

ప్రైవేటు సేకరణకు ఇక్కడ చోటు తక్కువ. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది గాని, మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉంటేనే. పేలే తుపాకీకి లైసెన్సు తప్పదు. 2019 సవరణతో ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినా అదే లెక్క. 100 ఏళ్లు దాటినదైతే 1972 పురావస్తు చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. తాతల నాటి పెట్టెలో రివాల్వర్ కనిపిస్తే దానికి నూనె రాయకండి, రుద్దకండి, పనిచేస్తుందేమోనని ట్రిగ్గర్ నొక్కి చూడకండి. ముందు పోలీసు స్టేషన్‌లో తెలియజేయండి.