నేరారోపణ తీవ్రమైతే బెయిలు ఏమవుతుంది?

దక్షిణ అండమాన్ జిల్లాలోని ఫెరార్గంజ్ తహసీలులో ఒక ఘర్షణ జరిగిందనుకుందాం. ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిచారంటూ భారతీయ న్యాయ సంహిత 118(1) సెక్షన్ కింద కేసు నమోదైంది. న్యాయస్థానం నిందితుడికి బెయిలు మంజూరు చేసింది. కొన్ని వారాలకు బాధితుడు ఆసుపత్రిలో మరణించాడు. పోలీసులు హత్యానేరానికి సంబంధించిన 103వ సెక్షన్‌ను చేర్చారు. మొదటి నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ల జైలు. రెండోదానికి మరణశిక్ష లేదా యావజ్జీవ కారాగారం. ఇప్పుడు పాత బెయిలు చెల్లుతుందా? పోలీసులు నేరుగా అరెస్టు చేయవచ్చా?

ఈ ప్రశ్నలకు సుప్రీంకోర్టు 2019 జూలై 1న ప్రదీప్ రామ్ కేసులో స్పష్టమైన సమాధానం ఇచ్చింది. ఝార్ఖండ్‌లో 2016లో బలవంతపు వసూళ్ల ఆరోపణలపై నమోదైన ఆ కేసులో నిందితుడు బెయిలు పొందిన తరువాత, చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం సెక్షన్లు చేరాయి. జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ కె.ఎం. జోసెఫ్‌ల ధర్మాసనం నాలుగు అంశాలను నిర్ధారించింది.

ఒకటి, నిందితుడు లొంగిపోయి, కొత్తగా చేరిన నేరాలకు బెయిలు కోరవచ్చు; నిరాకరిస్తే అతడిని అరెస్టు చేయవచ్చు. రెండు, నిందితుడి అరెస్టుకు, కస్టడీకి అనుమతించాలని దర్యాప్తు సంస్థ న్యాయస్థానాన్ని కోరవచ్చు. మూడు, న్యాయస్థానం పాత బెయిలును రద్దు చేసి నిందితుడిని కస్టడీకి పంపవచ్చు. తీవ్రమైన నేరం చేరినప్పుడు పాత బెయిలును రద్దు చేయకుండానే అరెస్టుకు ఆదేశించే అధికారం కూడా దానికి ఉంది. నాలుగు, అప్పటికే బెయిలుపై ఉన్న వ్యక్తిని పోలీసులు తమంతట తాముగా అరెస్టు చేయరాదు; బెయిలు ఇచ్చిన న్యాయస్థానం నుంచి ఉత్తర్వు పొందాలి.

ఈ అధికారానికి నాడు ఆధారం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 437(5), 439(2) నిబంధనలు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అవి 480(5), 483(3)గా కొనసాగుతున్నాయి. మొదటిది బెయిలు ఇచ్చిన న్యాయస్థానానికి, రెండోది సెషన్స్ న్యాయస్థానానికి, హైకోర్టుకు వర్తిస్తుంది. ఫెరార్గంజ్ వాసుల విషయంలో సెషన్స్ న్యాయస్థానం ఒకప్పటి పోర్ట్ బ్లెయిర్ అయిన శ్రీ విజయపురంలో ఉంది. హైకోర్టు అంటే కలకత్తా హైకోర్టు. దాని సర్క్యూట్ బెంచ్ కూడా అక్కడే విచారణలు జరుపుతుంది. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు కనుక, ఈ వివరాలు అక్కడి తెలుగువారికీ అవసరమైనవే.

సాధారణంగా బెయిలు రద్దుకు సాక్షులను బెదిరించడం, ఆధారాలను తారుమారు చేయడం, పరారు కావడం వంటి బలమైన కారణాలు చూపాలి. దౌలత్ రామ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని చెప్పింది. నేరారోపణ తీవ్రమైనప్పుడు పరిస్థితి వేరు. నిందితుడు షరతులు ఉల్లంఘించకపోయినా, చిన్న నేరానికి లభించిన స్వేచ్ఛ పెద్ద నేరానికి దానంతట అదే వర్తించదు. ప్రహ్లాద్ సింగ్ భాటి కేసులో 2001లోనే సుప్రీంకోర్టు ఈ విషయం గుర్తుచేసింది.

దీనికి దగ్గరి అంశం తెలుగు రాష్ట్రాల్లోనూ చర్చకు వచ్చింది. 2019 మార్చిలో పులివెందులలో జరిగిన వై.ఎస్. వివేకానంద రెడ్డి హత్య కేసులో, గడువులోగా అభియోగపత్రం దాఖలు కాకపోవడంతో ఒక నిందితుడికి బెయిలు లభించింది. అలాంటి బెయిలును కూడా, అభియోగపత్రంలో తీవ్ర నేరం బలంగా వెల్లడైతే, ప్రత్యేక కారణాలపై రద్దు చేయవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరి 16న తీర్పు ఇచ్చింది. కేవలం అభియోగపత్రం దాఖలైనంత మాత్రాన రద్దు చేయరాదనీ పేర్కొంది. అనంతరం తెలంగాణ హైకోర్టు ఆ బెయిలును రద్దు చేసింది.

కొత్త సెక్షన్ చేరగానే పాత బెయిలు దానంతట అదే రద్దు కాదు. అది నిందితుడికి శాశ్వత రక్షణా కాదు. బాధితుడి కుటుంబం రద్దు కోరవచ్చు. నిందితుడు తన వాదన వినిపించవచ్చు. ఆరోపణను మార్చేది పోలీసులైనా, స్వేచ్ఛపై నిర్ణయం మాత్రం న్యాయస్థానానిదే.