తొలి ఉద్యోగ దరఖాస్తు (పల్నాడు)

పల్నాడు జిల్లా రెంటచింతల వంటి ఊళ్లలో చదువు ముగించిన యువత తొలి కొలువు కోసం రాసే బయోడేటా, దానికి జతచేసే కవరింగ్ లెటర్. మాచర్లలో 1958లో నెలకొల్పిన కేసీపీ సిమెంటు కర్మాగారం మొదలు హైదరాబాద్ కంపెనీల వరకు అడిగేది ఇదే. 2014లో ఏర్పడిన ఏపీ నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలకూ ఇదే పట్టుకెళ్లాలి.

అనుభవం లేనివారికి ఒక్క పేజీ చాలు. తండ్రి పేరు, కులం, మతం, పెళ్లి వివరాలు రాయడం పాత అలవాటు. ప్రైవేటు కొలువుకు వాటితో పని లేదు. తంటా అంతా పేరుతోనే. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే ధ్రువపత్రాల పరిశీలనలో ఆపేయవచ్చు. బయోడేటాలో మార్కుల జాబితాలోని పేరే వాడి, ఆధార్‌ను ముందే సరిచేయించుకోవాలి.

‘కష్టపడి పనిచేస్తాను’ అన్న మాట అందరూ రాసేదే, ఎవరూ చదవరు. ‘రెండేళ్లు వేసవిలో మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాల లెక్క రాశాను’ అంటే గుమాస్తా పనికి అదే అర్హత. లేఖలో ఏ ఉద్యోగానికో, ఎప్పుడు చేరగలరో చెబితే సరిపోతుంది.