64 సెకన్ల తెర: కర్సెస్ లైబ్రరీ ఎలా పుట్టింది

ల్యాబ్‌లో లైనక్స్ నల్ల తెర కనబడగానే "పాతకాలం సరుకు" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ తెర వెనక ఉన్న కథ మనలాంటి వాళ్ళం తెలుసుకోవాల్సిందే.

1970ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో బిల్ జాయ్ అనే విద్యార్థి వీఐ అనే ఎడిటర్ రాశారు. ఇంటి దగ్గర ఆయనకున్నది ఒక ఏడీఎం-3ఏ టెర్మినల్, 300 బాడ్ మోడెమ్. అంటే సెకనుకు సుమారు 30 అక్షరాలే వస్తాయి. తెర మీద 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, మొత్తం 1920. లెక్కేయండి, తెర ఒక్కసారి నిండడానికి 64 సెకన్లు! ఒక్క అక్షరం మార్చినప్పుడల్లా నిమిషం కూర్చోవాలంటే ఎవరి వల్ల అవుతుంది? అందుకే మారిన చోటు వరకే పంపే పద్ధతి వీఐలో పెట్టారు.

ఇంకో చిక్కు ఉంది. ఒక్కో కంపెనీ టెర్మినల్‌ది ఒక్కో భాష. తెర తుడవమని చెప్పాలంటే ఏడీఎం-3ఏకి కంట్రోల్-జెడ్ పంపాలి, వీటీ100కి వేరే గుర్తులు పంపాలి. మన సంతలో సవర, కువి, ఒడియా, తెలుగు అన్నీ వినపడతాయి కదా, నాలుగూ వచ్చిన మనిషి ఒకరుంటే బేరం సాగుతుంది. 1978లో బిల్ జాయ్ చేసిన టెర్మ్‌క్యాప్ అలాంటిదే. ఏ టెర్మినల్‌కి ఏ మాట చెప్పాలో రాసి ఉన్న పట్టిక అది.

1980 ప్రాంతంలో అక్కడే కెన్ ఆర్నాల్డ్ వీఐలోని ఆ పద్ధతిని బయటికి తీసి, ఏ ప్రోగ్రామ్ అయినా వాడుకునేలా లైబ్రరీ చేశారు. దాని పేరే కర్సెస్. అది మెమరీలో రెండు తెరలు ఉంచుకుంటుంది. ఒకటి ఇప్పుడు కనిపించేది, రెండోది మనం కోరుకునేది. రిఫ్రెష్ అనగానే రెండిటినీ పోల్చి తేడా మాత్రమే పంపుతుంది. రోగ్ అనే ఆట దీనితోనే నడిచింది. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో మేరీ ఆన్ హోర్టన్ టెర్మ్‌క్యాప్‌కి బదులు టెర్మిన్ఫో తెచ్చారు. 1993లో అందరూ స్వేచ్ఛగా వాడుకునే ఎన్‌కర్సెస్ వచ్చింది. ఇవాళ్టి నానో, హెచ్‌టాప్ నడిచేది దాని మీదే.

లైను నెమ్మదిగా ఉండబట్టే ఈ లైబ్రరీ పుట్టింది. గుట్ట ఎక్కితేగానీ సిగ్నల్ రాని ఊళ్ళు మనవి. అంత తక్కువ సిగ్నల్‌లో దూరాన ఉన్న సర్వర్ మీద పని చేయాలంటే బొమ్మల తెర మొరాయిస్తుంది, అక్షరాల తెర మాత్రం కదులుతుంది. పాత మెషీనైనా సరే, లైనక్స్ ఉంటే పైథాన్‌లో ఇంపోర్ట్ కర్సెస్ అని కొట్టండి. మామూలుగా విడిగా ఏదీ దించుకోనక్కర్లేదు. మెస్ లెక్కలకో, లైబ్రరీ పుస్తకాలకో చిన్న మెనూ రాసి చూడండి. రాసింది గ్రూపులో పెట్టండి, జూనియర్లకి పనికొస్తుంది. ఆర్నాల్డ్ అందరికీ ఇవ్వబట్టే కదా ఇది మనదాకా వచ్చింది.