పగ విడవడం, న్యాయం అడగడం: ఆస్ట్రేలియా క్రైస్తవ అనుభవంలో క్షమ

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవులు ‘క్షమాపణ’ అనే మాటను రెండు వైపులా వాడతారు. ‘క్షమాపణ చెప్పు’ అన్నప్పుడు అది తప్పు చేసినవాడు అడిగేది. ‘పాపక్షమాపణ’ అన్నప్పుడు అది నష్టపోయినవాడు ఇచ్చేది. అడగడమూ ఇవ్వడమూ ఒకే మాటలో కలిసిపోవడంతో కొన్ని ప్రశ్నలు మరుగున పడ్డాయి. అడగనివాడిని క్షమించవచ్చా? క్షమించినవాళ్లు కోర్టు మెట్లెక్కవచ్చా? గాయపడ్డవారిని క్షమించమని సంఘం ఒత్తిడి చేయవచ్చా? ఆస్ట్రేలియా క్రైస్తవుల జీవితంలోని మూడు ఘటనలను, ఒక జాతీయ విచారణను ఆధారం చేసుకుని ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. క్షమించేవారు వదులుకునేది పగ తీర్చుకునే హక్కును. నిజాన్నీ న్యాయాన్నీ కాదు. ఇదే ఈ వ్యాసం ప్రతిపాదన.

లేఖన పునాది

మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని ఉపమానంలో రాజు తన దాసుడికి పదివేల తలాంతుల అప్పు రద్దు చేస్తాడు. ఆ దాసుడు మాత్రం తోటివాడి దగ్గర నూరు దేనారాల కోసం గొంతు పట్టుకుంటాడు. దేనారం ఒకరోజు కూలి. తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే మొదటి అప్పు 6 కోట్ల రోజుల కూలి, రెండోది 100 రోజుల కూలి. ప్రసంగాల్లో ఈ రెండో అప్పును చిల్లర కింద తీసిపారేస్తుంటారు. రెక్కాడితే గాని డొక్కాడని మనిషికి మూడు నెలల కూలి చిల్లర కాదు. మనకు జరిగిన నష్టం నిజమైనదేనని యేసు ఒప్పుకుంటున్నాడు. లెక్క చూసి, అప్పు ఎంతో తేల్చిన తర్వాతే రద్దు. సువార్తల్లో క్షమించడానికి ఎక్కువగా వాడిన గ్రీకు క్రియ ‘అఫియేమి’కి వదిలిపెట్టడం, విడుదల చేయడం అనే అర్థాలున్నాయి. జరిగింది జరగలేదనుకోవడం అందులో లేదు. అదే అధ్యాయంలో ఈ ఉపమానానికి ముందే, తప్పు చేసిన సహోదరుణ్ణి నిలదీయాలని, వినకపోతే సాక్షులను తీసుకువెళ్లాలని, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలపాలని యేసు చెప్పాడు.

పౌలు రోమా పత్రికలో ఇదే క్రమం కనిపిస్తుంది. 12వ అధ్యాయం చివర పగ తీర్చుకోవడం దేవునికి విడిచిపెట్టమంటాడు. 13వ అధ్యాయం మొదట్లో, కీడు చేసినవాడిని శిక్షించే అధికారి దేవుని సేవకుడంటాడు. మూల పత్రికలో ఈ అధ్యాయ విభజన లేదు. రెండూ ఒకే ఆలోచనలోని మెట్లు. బాధితుల చేతిలోంచి కత్తి తీసేసిన పౌలు న్యాయస్థానం తలుపు మూయలేదు.

మనోహర్‌పూర్, 1999

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు చెందిన గ్రాహం స్టెయిన్స్ 1965లో ఒడిశా వచ్చి, బారిపదలో కుష్ఠురోగులకు సేవచేశారు. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక, కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆయన, కొడుకులు ఫిలిప్ (10), తిమోతి (6) నిద్రిస్తున్న వాహనానికి ఒక గుంపు నిప్పంటించింది. ముగ్గురూ చనిపోయారు. హంతకులు పశ్చాత్తాపపడకముందే, ఎవరూ అడగకముందే, భార్య గ్లాడిస్ వారిని క్షమించానని ప్రకటించారు. వాళ్లను శిక్షించాలనే ఆలోచన తనకు లేదని, వాళ్లు మారాలన్నదే తన ఆశ అని, ఈ హత్యలను విచారించిన వాధ్వా కమిషన్ ముందు చెప్పారు. అయినా కేసు ఆగలేదు. ప్రధాన దోషి దారా సింగ్‌కు 2003లో కింది కోర్టు విధించిన మరణశిక్షను 2005లో ఒడిశా హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

గ్లాడిస్ మనసులో ఏం జరిగిందో పరిశోధకుడు చూడలేడు; ఆమె ఏం చేశారో చూడగలడు. కూతురు ఎస్తేరుతో కలిసి ఆమె బారిపదలోనే ఉండిపోయి, 2004 వరకు ఆ కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆమె క్షమకు ఆ అయిదేళ్ల సేవే సాక్ష్యం.

సిడ్నీ, 2020, 2024

2020 ఫిబ్రవరి 1న సిడ్నీ శివారు ఓట్లాండ్స్‌లో ఐస్‌క్రీం కొనుక్కోవడానికి నడిచి వెళ్తున్న పిల్లల మీదికి, మద్యం, మత్తుమందులు తీసుకున్న ఒక డ్రైవరు వాహనం దూసుకెళ్లింది. డానీ, లైలా అబ్దల్లా దంపతుల పిల్లలు ఆంటొనీ (13), ఏంజెలీనా (12), సియన్నా (8), బంధువుల అమ్మాయి వెరోనిక్ సకర్ (11) చనిపోయారు. మారొనైట్ కాథలిక్ సంఘానికి చెందిన లైలా రెండు రోజులకే ప్రమాద స్థలంలో నిలబడి, డ్రైవరు మీద తనకు ద్వేషం లేదన్నారు. అదే నోట, కోర్టు న్యాయంగా వ్యవహరించాలనీ అన్నారు. ఈ వ్యాసం ప్రతిపాదన మొత్తం ఆ తల్లి నోట వచ్చిన రెండు మాటల్లోనే ఉంది. డ్రైవరుకు 2021లో 28 ఏళ్ల శిక్ష పడింది. 2022లో అప్పీలు కోర్టు దాన్ని 20 ఏళ్లకు తగ్గించింది. ఆ కుటుంబాల చొరవతో 2021 నుంచి ఫిబ్రవరి 1ని క్షమాదినంగా పాటిస్తున్నారు. క్షమ ఒక్కరోజుతో ముగిసేది కాదు కాబట్టే ఏటా గుర్తుచేసుకోవలసి వస్తోంది.

2024 ఏప్రిల్ 15న సిడ్నీలోని వేక్లీలో, ఆరాధన జరుగుతుండగా బిషప్ మార్ మారి ఇమ్మానుయేల్‌ను 16 ఏళ్ల కుర్రాడు కత్తితో పొడిచాడు. ఆగ్రహించిన జనం ఆలయం బయట పోలీసులతో తలపడ్డారు. కొద్ది రోజుల్లోనే బిషప్ ఆ కుర్రాణ్ణి కొడుకని పిలుస్తూ, క్షమించానని, జనం శాంతంగా ఉండాలని సందేశమిచ్చారు. ఒకరి క్షమ ఒక సమూహం చేతిలోని రాయిని కింద పెట్టమనగలదని ఈ ఘటన చెబుతుంది. కుర్రాడిపై కేసు మాత్రం చట్టప్రకారం సాగింది.

క్షమ పేరుతో మౌనం

చర్చిలతో సహా వివిధ సంస్థల్లో పిల్లలపై లైంగిక అకృత్యాలను విచారించిన ఆస్ట్రేలియా రాయల్ కమిషన్ 2017 డిసెంబరులో తుది నివేదిక ఇచ్చింది. 8 వేల మందికి పైగా తమ కథ కమిషన్‌కు ఏకాంతంగా చెప్పుకున్నారు. పాపసంకీర్తనలో (గురువు ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు) తెలిసిన ఇలాంటి నేరాన్ని కూడా అధికారులకు తెలపాల్సిందేనని కమిషన్ సిఫారసు చేసింది. నేరస్థుడు తనంతట తాను పోలీసులకు చెప్పుకునేవరకు పాపవిమోచన నిలిపివేయవచ్చా అన్నది వాటికన్‌తో చర్చించాలని కాథలిక్ బిషప్పులను కోరింది. న్యాయాన్ని పక్కనపెట్టి ఇచ్చిన క్షమ నేరానికి నీడ అవుతుందన్న హెచ్చరిక ఇందులో ఉంది. ఉపమానంలో అప్పు రద్దు చేసింది అప్పిచ్చినవాడే. నష్టపోయినవారి తరఫున మూడో మనిషి క్షమించే వీలు అక్కడ లేదు.

ముగింపు

తెలుగులో ‘మనసులో పెట్టుకోవడం’ అంటే పగ. ‘కడుపులో పెట్టుకోవడం’ అంటే తప్పును మన్నించి కాచుకోవడం. మొదటిదాన్ని రెండోదిగా మార్చుకోవడమే క్రైస్తవ సాధన. అది రోజూ చేయాలి. జరిగింది అన్యాయమని దేవుని ముందు పేరుపెట్టి చెప్పాలి. పగ తీర్చుకునే హక్కును ఆయన చేతికి అప్పగించాలి. పగ తిరిగి లేచిన ప్రతిసారీ మళ్లీ అప్పగించాలి. ఆ లేవడం ఓటమి కాదు.

మెల్‌బోర్న్‌లోనైనా రాజమహేంద్రవరంలోనైనా తెలుగు సంఘాల కాపరులకు ఒక మనవి. దెబ్బలు తిన్న ఇల్లాలు మీ దగ్గరికి వస్తే ‘సర్దుకుపో తల్లీ’ అని చెప్పి దానికి క్షమ అని పేరు పెట్టకండి. ముందు ఆమెకు రక్షణ చూపండి. పోలీసు స్టేషనుకు తోడు వెళ్లండి. క్షమించమని తొందరపెట్టకండి. ఆ మాట ఆమె నోట, ఆమెకు వీలైన రోజున రావాలి.