ఆహార బ్యాంకు

ఆహార బ్యాంకు అనగా దాతలు, రైతులు, వర్తకుల నుండి ఆహార పదార్థాలను సేకరించి, నిలువ చేసి, అవసరమైనవారికి ఉచితంగా అందజేసే సంస్థ. ఇటువంటి సంస్థలలో మొదటిదిగా పేర్కొనబడేదానిని 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ స్థాపించాడు. భారతదేశంలో ఈ అవసరాన్ని ఎక్కువగా చౌకధరల దుకాణాలు (రేషను డిపోలు) తీరుస్తున్నాయి. అంటువ్యాధులు ప్రబలినపుడు పనులు ఆగిపోయి ఆహారం కోరేవారు పెరుగుతారు. అదే సమయంలో రాకపోకలు నిలిచి, దానాలూ, సేవకులూ తగ్గుతారు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు అనుభవం ఈ ఇబ్బందులకు ఒక ఉదాహరణ.

ఉద్దానం పరిస్థితి

వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కవిటి మొదలైన మండలాలలో విస్తరించిన ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలకు ప్రసిద్ధి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఈ తోటలకు తీవ్ర నష్టం కలిగించింది. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావటానికి సంవత్సరాలు పడుతుంది. ఆ నష్టం పూడకముందే, కరోనా కారణంగా 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది.

ఆహార సహాయం

కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన క్రింద 2020 ఏప్రిల్ నుండి అర్హులకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యాన్ని అదనంగా, ఉచితంగా కేటాయించింది. అయితే చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళిన వేలాది ఉత్తరాంధ్ర మత్స్యకారులు అక్కడి రేవులో పడవలపైనే చిక్కుకుపోయారు. వీరిలో ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లావారు. కుటుంబాలకు స్వగ్రామంలో బియ్యం అందినా, పడవలపై ఉన్నవారి ఆకలిని అది తీర్చలేదు. ఏప్రిల్ నెలాఖరు నుండి వారిని బస్సులలో స్వస్థలాలకు చేర్చారు. ఎక్కడ ఉన్నా రేషను పొందగలిగే 'ఒకే దేశం-ఒకే రేషను కార్డు' విధానం 2022 నాటికి అన్ని రాష్ట్రాలకు విస్తరించింది.

రోగుల ఆహారం

ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎక్కువ. డయాలసిస్ చేయించుకొనేవారు సాధారణంగా ఉప్పు, పొటాషియం తగ్గించుకోవలసి ఉంటుంది. అందుచేత ఈ తీరంలో సులభంగా దొరికే కొబ్బరినీరు, అలాగే అరటిపండు, ఊరగాయ వంటివి వీరికి హాని చేయవచ్చు. ఇటువంటి ఇళ్ళకు సహాయం పంపేటపుడు వైద్యుని సలహా తీసుకోవాలి.

సహాయం చేసే విధానం

వండిన ఆహారం కంటే నిలువ ఉండే బియ్యం, నూనె వంటి సరుకులు పంపిణీకి అనుకూలం. సరుకుల కంటే ధనసహాయం మేలు. దానితో నిర్వాహకులు ఏ ఇంటికి ఏది అవసరమో అది కొనగలరు. కార్డు లేనివారినీ, ఊరికి దూరంగా ఉన్నవారినీ, ఇల్లు కదలలేని రోగులనూ ముందుగా గుర్తించటం అన్నిటికంటే ముఖ్యం.