దివాను పూర్ణయ్య

మంత్రులనఁగనే మనవారికి యుగంధరుఁడును తిమ్మరుసును స్మృతికి వత్తురు. లెక్కలు వ్రాయువానిని ఆ పంక్తిలోఁ గూర్చుండఁబెట్టుట మనకంతగా అలవాటు లేదు. కాని రాజ్యాంగములేడింటిని బేర్కొనుచు కౌటిల్యుఁడు దండమునకు ముందు కోశమునే చెప్పెను. ఆ వరుసలోని యౌచిత్యము మైసూరు దివాను పూర్ణయ్యగారి చరిత్రమునఁ జక్కగాఁ దెలియును.

ఆయన 1746లో కోయంబత్తూరు ప్రాంతమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతింపఁగా, కుటుంబపోషణకై అంగడిలెక్కలు వ్రాయఁ గుదిరెను. పిమ్మట శ్రీరంగపట్టణమున అన్నదానశెట్టి యను వర్తకునొద్ద గుమాస్తా యయ్యెను. ఆ శెట్టి హైదరాలీ కొలువునకు సరకులిచ్చువాఁడు. ఆ ద్వారమున దర్బారు ప్రవేశము లభించెను. హైదరు చదువురానివాఁడు, కావున లెక్క తప్పక నోటఁ జెప్పఁగలవాని విలువ ఆయనకుఁ దెలియును. కాలక్రమమున ఈ గుమాస్తా ఖజానాకధికారి యయ్యెను.

1782 డిసెంబరు 7న, మన చిత్తూరు చెంత నరసింగరాయనిపేట శిబిరములో హైదరు మరణించెను. ఆంగ్లేయులతో యుద్ధము సాగుచుండెను. కుమారుఁడు టిప్పు మలబారు తీరమున నుండెను. వార్త పొక్కినచో సేన చెదరును. సింహాసనమున వేఱొకనిని నిలుపఁజూచువారును గలరు. పూర్ణయ్యయు, తోడి కోశాధికారి కృష్ణారావును మరణమును మఱుగుపఱచిరి. శవమును ధనపు పెట్టెవలెఁ గట్టించి, కావలితో కోలారునకుఁ బంపిరి. టిప్పు వచ్చువఱకు శిబిర వ్యవహారములను యథాప్రకారము నడపించిరి. జీతమందని సేనయే వదంతులను ముందుగా నమ్మును. ఈ సంగతి ఖజానావారికిఁ దెలిసినంతగా సేనానులకుఁ దెలియదు.

1799 మే 4న శ్రీరంగపట్టణము కూలి, టిప్పు హతుఁడయ్యెను. కొలఁది దినములకే పూర్ణయ్య ఆంగ్లేయులకు లొంగి, ఐదేండ్లైన నిండని ముమ్మడి కృష్ణరాజ ఒడయరునకు దివానయ్యెను. ఇందులకై ఆయనను కృతఘ్నుఁడని నిందించువారు కలరు. టిప్పు ఉప్పు తినుట నిజమే. ఆ నిందను పూర్తిగాఁ ద్రోసిపుచ్చుట నాకు సమ్మతము గాదు. కాని ప్రభువు పోయినను దేశము మిగిలినది, రైతు మిగిలెను. కుంపిణీకి ఏఁటేఁట 7 లక్షల వరహాలు చెల్లింపవలెను. ధనము తప్పునను భయము కలిగినచో పరిపాలనమును తామే చేపట్టవచ్చునని సంధిలో వ్రాసికొనిరి. పండ్రెండేండ్లు పూర్ణయ్య వారికా యవకాశమీయలేదు. పైఁగా చెఱువులను, కాలువలను బాగుచేయించెను. 1804లో శ్రీరంగపట్టణమున కావేరిపై రాతికంబముల వంతెన కట్టించెను. దానికిఁ బెట్టినది మాత్రము గవర్నరు జనరలు వెల్లస్లీ పేరు. అదియు నొకవిధమైన చెల్లింపే.

1807లో ఆయనకు యెళందూరు జాగీరు లభించెను. రాజు యుక్తవయస్కుఁడై అధికారము కోరఁగా, మనస్పర్ధల నడుమ 1811లో పదవి విడిచి, మఱుసటి యేఁట శ్రీరంగపట్టణముననే గతించెను. ఆయన నింపి యప్పగించిన బొక్కసము ఇరువదేండ్లలో వట్టిపోయెను. 1831లో కుంపిణీవారు ఆ సంధి షరతును జూపియే రాజు చేతినుండి పాలనమును దీసికొనిరి.